ఆరో డబ్బా

సోమవారం పొద్దున షట్టరు ఇంకా మోకాలెత్తుకి లేచిందో లేదో, దాని కింద రెండు చెప్పులూ నాలుగు కాళ్లూ కనిపించాయి. చెప్పులు టైలరు బాబాయివి. కాళ్లు జడ్జివి. ఆ నాలుగింట్లో ఒకటి నేలమీద లేదు. గాల్లో టకటకలాడుతూ చెవి వెనకాల గోకుతోంది. తూకం అక్క షట్టరు పట్టుకునే వంగి చూసింది.

తగ్గలేదన్నమాట.

జడ్జి అంటే కుక్క. ఒళ్లంతా నలుపు, మెడకింద మాత్రం తెల్లటి పట్టీ. ఎవరొచ్చినా ముందు కాళ్లు చాపుకుని కూర్చుని, తల కొంచెం వంచి, ఎదుటివాడి తప్పేదో అప్పుడే తేలిపోయినట్టు చూస్తాడు. అందుకే ఆ పేరు. ఇప్పుడు ఆ నలుపు మీద అక్కడక్కడా చర్మం కనిపిస్తోంది. పొట్ట కింద ఎర్రగా కందింది. చెవి అంచున ఎండిన రక్తం.

"రా బాబాయ్, లోపలికి రా" అంది తూకం అక్క షట్టరు పైకి తోస్తూ. అడగాలంటే భయం, అడక్కపోతే అంతకంటే భయం. "ఎలా ఉన్నాడు?"

"కనపడుతూనే ఉన్నాడుగా" అన్నాడు టైలరు బాబాయి. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నోట్లో ఎప్పుడూ గుండుసూదులు పెట్టుకుని పనిచేసినవాడికి మాటలు పొదుపుగా వాడటం అలవాటైపోతుంది.

అది దాణా కొట్టు. పావురాల గింజలు, కోళ్ల దాణా, పిల్లుల తిండి, కుక్కల తిండి. ముందు వరసలో నడుమెత్తు రేకు డబ్బాలు ఆరు, ఒక్కొక్కదాని మీద ఎర్ర రంగుతో అంకె. కొట్టు ఆమె బావది, అంటే అక్క మొగుడిది. కాగితాలూ ఫోన్లూ ఆయన చూసుకుంటాడు. తూకం ఈమెది. పన్నెండేళ్లుగా ఈమె చెయ్యి పడితే తూకం మళ్లీ చూసుకున్నవాడు లేడు. తూచాక మరో పిడికెడు కొసరు వేసేది. అసలు పేరు ఆమెకైనా గుర్తుందో లేదో గాని, ఆ వీధికంతటికీ తూకం అక్కే.

ఏడు వారాల కిందట జడ్జిని చూసిన డాక్టరు, కోడిమాంసం వీడికి పడదు, వాసన కూడా తగలకూడదు, ఎనిమిది వారాలు ఒక్కటే రకం తిండి పెట్టు, మధ్యలో బిస్కెట్టు ముక్క కూడా వద్దు అని చెప్పాడు. టైలరు బాబాయి ఆ చీటీ పట్టుకుని నేరుగా ఇక్కడికి వచ్చాడు. బావ అద్దాల అలమరలోంచి బంగారు రంగు సంచి తీసి ముందు పెట్టాడు. ధర చూసి టైలరు బాబాయి కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాడు. ధర మారలేదు.

అప్పుడు తూకం అక్కే కలగజేసుకుంది. ఎవరూ అడగలేదు. ఆమె చదువు అయిదో తరగతితో ఆగినా బస్తాల వెనక చిన్న అక్షరాలు చదవడంలో పెద్ద పెద్దవాళ్లు ఆమె ముందు దిగదుడుపే. "ముందు వైపు బొమ్మ చూడకు బాబాయ్, వెనక రాత చూడు. మొదట ఏ పేరుంటే అదే ఎక్కువుందని. 'మాంసమూ, దాని సంబంధ పదార్థాలూ' అని ఉందనుకో, అందులో ఏం పడిందో చేసినవాడికే తెలియదు. ఈ సంచిలో ఉన్నదేంటి? చేప, బియ్యం, నూనె. ఇవే మూడూ మామూలు కంపెనీ బస్తాలోనూ ఉన్నాయి. ధర మూడోవంతు. నేను తెప్పిస్తా" అంది.

తెప్పించింది. బావ మూతి ముడుచుకున్నాడు. మొదటి రెండు వారాల్లో జడ్జి గోకడం సగానికి తగ్గింది. టైలరు బాబాయి ఆమె కోసం ఒక చేతిసంచి కుట్టి తెచ్చాడు. ఆ సంచి ఇప్పటికీ మేకుకి వేలాడుతోంది. మూడో వారం నుంచి మళ్లీ మొదలైంది. నాలుగు, అయిదు, ఆరు. ఇప్పుడు మొదటికంటే అధ్వానం.

"ఇంకేమైనా పెడుతున్నావా బాబాయ్? నిజం చెప్పు. ఎదురింటివాళ్లు, దారిన పోయేవాళ్లు, ఎవరైనా?"

"నా కాళ్ల దగ్గరే ఉంటాడమ్మాయ్. మిషను కింద. ఎవరు పెడతారు?"

చేప తిండి ఉన్న ఆరో డబ్బా మూత తీసి గరిటెతో తోడింది. తూచింది. కొసరు వేసింది. టైలరు బాబాయి మూట అందుకున్నాడు గాని కదల్లేదు.

"ఇదే ఆఖరిదేమో" అన్నాడు. "గది అద్దెకిచ్చిన ఇంటావిడ, కింది వాటాలో ఉంటుందిగా, ఆదివారం దాకా గడువిచ్చింది. వాడు గోకినప్పుడల్లా కాలు నేలకి కొట్టుకుంటుంది కదా. అది కింద ఆవిడ మంచం నెత్తిమీద. ఆర్నెల్లుగా నిద్రలేదంటోంది. అబద్ధం కాదులే. లారీల షెడ్డుకి కాపలా కుక్క కావాలిట, ఆవిడే మాట్లాడింది. ఆదివారం పదింటికి వచ్చి తీసుకెళ్తారు."

"షెడ్డుకా? గొలుసు వేసి కడతారు బాబాయ్ అక్కడ!"

"ఇల్లు ఖాళీ చెయ్యమనలేదు. అదే గొప్ప" అన్నాడాయన. జడ్జి తూకం అక్క చెయ్యి వాసన చూశాడు. చూసి, వెనక్కి తగ్గి, మళ్లీ చెవి గోక్కున్నాడు.

మంగళవారమంతా ఆమెకి చేతులు పనిమీద, మనసు కుక్కమీద. ఒకరికి పావురాల గింజలు తూచి కోళ్ల దాణా మూట ఇచ్చింది. ఆయన వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చాడు. "ఏంటి మరదలా, నా పావురాలు రేపట్నుంచి గుడ్లు పెట్టాలా?" అని బావ ఆయన గొంతుతోనే వేళాకోళం చేశాడు. ఆమె నవ్వలేదు.

"ఆ బంగారు సంచి ఇచ్చుంటే ఈ తంటా ఉండేది కాదు" అన్నాడు బావ. "చవకలో చవక, కుక్క ఒళ్లంతా పుండు. నీకెందుకే ఈ డాక్టరీ? తా దూర సందు లేదు, మెడకో డోలు."

ఆ మాట ఆమెకి నాటుకుంది. ఎందుకంటే ఆమె కూడా రెండు రోజులుగా అదే అనుకుంటోంది. తను చదివిన చిన్న అక్షరాలు అబద్ధమా? కంపెనీవాడు చేప అని రాసి కోడి పోశాడా? ఒకవేళ అదే నిజమైతే, జడ్జిని షెడ్డుకి పంపుతున్నది ఇంటావిడ కాదు. తను.

బుధవారం మధ్యాహ్నం అన్నం తినే గంటలో ఆమె టైలరు బాబాయి గదికి వెళ్లింది. ఇనుప మెట్లు ఎక్కి వెళ్లాలి. కింద గుమ్మంలో ఇంటావిడ కూర్చుని ఉంది. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం.

"నువ్వేనా ఆ తిండి చెప్పింది?" అంది.

"నేనేనండీ."

"బాగా చెప్పావ్" అంది ఇంటావిడ. ఆవిడ కళ్లకింద నల్లటి చారలు చూసి తూకం అక్క తల దించుకుని మెట్లెక్కింది.

గది ఒకటే. కిటికీ పక్కన కుట్టుమిషను, మధ్యలో కత్తిరింపు బల్ల, మూలన మంచం. మిషను కింద జడ్జి దిండు. రకరకాల గుడ్డ పేలికలు కూరి కుట్టిన దిండు అది, ఒక మూల కొరికి ఉంటే నీలం, పసుపు ముక్కలు బయటికి తొంగి చూస్తున్నాయి. తూకం అక్క పోలీసులా వెతికింది. అలమర చూసింది. బిస్కెట్ల పొట్లం లేదు. చెత్తబుట్ట చూసింది. ఎముక లేదు. ఆఖరికి ఆయన తినే గిన్నెలు కూడా వాసన చూసింది.

"నేను కూడా మాంసం మానేశానమ్మాయ్, ఏడు వారాలైంది" అన్నాడు టైలరు బాబాయి, సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు. "చేతులకి వాసన అంటుతుందేమోనని."

ఆమె వాసన చూస్తున్న గిన్నె కింద పెట్టేసింది. "తిండి డబ్బా ఏదీ?" అంది.

మంచం కింద నుంచి మూత గట్టిగా ఉన్న రేకు డబ్బా తీశాడాయన. దినపత్రిక పరిచి బోర్లించమంది. చేప తిండి పలుకులు గుండ్రంగా, మిరియం కంటే కాస్త పెద్దగా ఉంటాయి. ముదురు గోధుమ రంగు. పైనున్నవి అలాగే ఉన్నాయి. అడుగున ఉన్నవి చివర్న జారాయి. పొడి, నలిగిన తునకలు. టైలరు బాబాయి సూదిలో దారం ఎక్కించే దీపం దగ్గరికి లాగాడు. ఆమె వేలితో పొడిని అటూ ఇటూ నెట్టింది. అందులో ఒకటి ఎర్రగా ఉంది. మొనదేలి ఉంది. ఇంకొకటి. ఇంకొకటి. నక్షత్రానికి విరిగిన కొమ్ములా.

కొట్టులో రెండో డబ్బా గుర్తొచ్చింది. కోడిమాంసంతో చేసిన కుక్కల తిండి. నక్షత్రాల ఆకారం.

"ఇవి కూడా పెట్టావా బాబాయ్?"

"అడుగున ఉన్నదీ వాడిదేగా. పారేస్తే ఎలా? గిన్నె మీద దులిపేస్తాను."

ఆ ముక్కల్ని కొంగున ముడివేసుకుంది. మెట్లు రెండేసి చొప్పున దిగింది. భయంతో కాదు, కోపంతో. బస్తాలో రాకపోతే కొట్టులో కలిసింది. కొట్టులో ఉండేది ఇద్దరు. ఒకరు తను. రెండోవాడు మొదటినుంచీ బంగారు సంచి అమ్మాలని చూసినవాడు. చవక తిండి పనిచెయ్యలేదంటే ఎవరికి లాభం? కంచే చేను మేస్తే ఇక ఎవరితో చెప్పుకోవాలి?

గురువారం పొద్దున బావ రాకముందే వెనక గదిలో చేప తిండి కొత్త బస్తా దింపి, మూతి కుట్టు విప్పి, కాగితాలమీద సగం బస్తా పోసింది. మోకాళ్లమీద కూర్చుని పలుకు పలుకు చూసింది. ఒక్క ఎర్ర ముక్క లేదు. కంపెనీ తప్పు కాదు. తన చిన్న అక్షరాలు అబద్ధం చెప్పలేదు. దానికి సంతోషించాలో, మిగిలిన అనుమానానికి ఏడవాలో తెలియలేదు.

బావ వచ్చాడు. కాఫీ ఫ్లాస్కు బల్లమీద పెట్టాడు. ఆమె కొంగు ముడి విప్పి మూడు ఎర్ర ముక్కలు ఆయన కాగితాల మీద పెట్టింది.

"ఏంటివి?"

"నువ్వే చెప్పాలి బావా. ఆరో డబ్బాలోకి ఎలా వచ్చాయి?"

బావకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక మొహం మారిపోయింది. తిడతాడనుకుంది. తిట్టలేదు. ఫ్లాస్కు మూత బిగించి, విప్పి, మళ్లీ బిగించాడు.

"ఆ డబ్బాలు నేను ముట్టుకుని ఏడాది దాటింది. వంగితే నడుం పట్టేస్తుందని నీకూ తెలుసు" అన్నాడు. "కుక్క ఒంటిమీద పుండ్లు చేసి సంచులమ్ముకునేవాణ్ణా నేను? అంతేనా ఇన్నేళ్లుగా చూసింది?"

ఆమె ఆ మూడు ముక్కలూ ఏరి మళ్లీ కొంగున ముడివేసుకుంది. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. శుక్రవారమంతా కొట్టులో ఇద్దరి మధ్యా "ఆ చీటీ ఇటివ్వు", "షట్టరు దించనా" తప్ప మాట లేదు. వచ్చినవాళ్లకి కూడా తెలిసిపోయింది. ఆమె ఆరో డబ్బా వదిలి పక్కకి కదల్లేదు. మంచినీళ్లకి వెళ్లినా వెనక్కి వెనక్కి చూసుకుంటూ వెళ్లింది. బావ ఆ వైపుకే రాలేదు. ఎలా వస్తాడు, పట్టుబడ్డాక, అనుకుంది.

శనివారం సాయంత్రం గిరాకీ ఎక్కువ. కోడి తిండి బస్తా ఒకటి రెండో డబ్బాలోకి ఒంపేసింది. ఎదురుగా నలుగురు నిలబడి ఉన్నారు. పిల్లుల తిండి కావాల్సిన టీచరమ్మ తన పిల్లి అలక గురించి చెబుతోంది. తూకం అక్క ఊకొడుతూనే ఖాళీ బస్తాని తలకిందులు చేసింది. రెండు మూలలూ పట్టుకుని మూడుసార్లు దులిపింది. అడుగున చిక్కుకున్న పొడి, నలిగిన ముక్కలు ఒక మూలకి చేరాయి. ఆ మూలని దోసిట్లో పట్టుకుని, నాలుగడుగులు వేసి, మోచేత్తో ఒక మూత పక్కకి నెట్టింది.

"...అయినా దానికి నా చేత్తో పెడితేనే గాని ముద్ద దిగదంటే నమ్ము" అంటోంది టీచరమ్మ.

తూకం అక్క చేతులు అలాగే గాల్లో ఆగిపోయాయి.

మోచేతి కింద ఎర్ర రంగు అంకె. ఆరు.

ఎవరూ నేర్పలేదు ఆ పని. తనే కనిపెట్టుకుంది, కొట్టులో చేరిన మొదటి ఏడే. ప్రతి బస్తా అడుగునా రెండు పిడికెళ్లు మిగులుతాయి. పారేస్తే పాపం. అప్పట్లో ఆరో డబ్బాలో అన్నిటికంటే చవకైన కలగలుపు తిండి ఉండేది. అందులో ఏం కలిసినా కలగలుపే, తినే కుక్కలకి పట్టింపు లేదు. అందుకని అన్ని బస్తాల అడుగూ బొడుగూ అందులో వేసేది. "నీ చేతిలో గింజ వృథా కాదు మరదలా" అని బావ నలుగురిలో మెచ్చుకునేవాడు కూడా. ఏడు వారాల కిందట కలగలుపు అయిపోయింది. డబ్బా తనే రుద్ది కడిగింది, ఎండలో పెట్టింది. మొదటి రెండుసార్లూ టైలరు బాబాయికి బస్తా మూతి విప్పి నేరుగా తూచి ఇచ్చింది. ఆ తర్వాత చవకది కదా అని చేప తిండిని ఆరో డబ్బాలో పోసింది. డబ్బాలో సరుకు మారిందని ఆమెకి తెలుసు. ఆమె చేతులకి తెలియదు.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, శుక్రవారమంతా ఆ డబ్బాకి కాపలా కాసింది. ఒక్క బస్తా కూడా ఖాళీ అవలేదు ఆ రోజు. అయ్యుంటే కాపలా కాస్తూనే వేసి ఉండేది.

"ఏమైంది అక్కా?" అంది టీచరమ్మ.

"ఏం లేదండీ. మీ పిల్లి..." అంది తూకం అక్క. బస్తా నేలమీద పెట్టేసింది.

జనం వెళ్లాక బావ దగ్గరికి వెళ్లి నిలబడింది. ఆ ఖాళీ బస్తా తెచ్చి ఆయన ముందే మళ్లీ దులిపి, ఆరో డబ్బాదాకా నడిచి చూపించింది. బావ కళ్లజోడు పైకి తోసి చూశాడు.

"రెండు రోజులు దొంగని చేశావు కదే నన్ను" అన్నాడు చివరికి.

"తప్పైపోయింది బావా."

"అన్నం కూడా సహించలేదు నాకు. మీ అక్క అడిగితే కడుపు బాలేదన్నాను." వీధి వైపు చూసి గొంతు తగ్గించాడు. "సరే, అయిందేదో అయింది. డబ్బా కడిగెయ్. రేపట్నుంచి కొత్త బస్తాలోంచి ఇవ్వు. వాడికీ తగ్గుతుంది, నీ పరువూ దక్కుతుంది. ఎవరికీ చెప్పకు. పన్నెండేళ్లుగా నీ తూకం ఎవడూ తిరిగి చూసుకోలేదు. కలిపేస్తుందట అని ఒక్కసారి నోరు జారితే, ఆ మాటని మళ్లీ తూచి వెనక్కి తెచ్చుకోలేం."

బావ చెప్పింది అబద్ధం కాదు. ఆమె ఆ రాత్రికి దాదాపు ఒప్పేసుకుంది. డబ్బా కడిగింది. కడుగుతుంటే ఒకటే గుచ్చుకుంది. కొత్త బస్తాలోంచి ఇస్తే తగ్గుతుంది. ఎవరికి? రేపు పదింటికి జడ్జి షెడ్డులో ఉంటాడు. అక్కడ ఏం పడితే అది తింటాడు. టైలరు బాబాయి మాత్రం, అన్నీ చేసి చూశాను, నా కుక్క జబ్బు నయం కాదు అనుకుని, ఖాళీ దిండు పక్కన మిషను తొక్కుకుంటూ ఉంటాడు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ పంచుకోవడానికి ఎవరూ లేరు. పిడికెడు పిడికెడూ తన చేతిదే.

ఆదివారం తొమ్మిదింటికి ఇనుప మెట్లెక్కింది. చేతిలో కొత్త బస్తాలోంచి తూచిన ఒక్కరోజు తిండి. టైలరు బాబాయి మిషను దగ్గర కాదు, మంచం అంచున కూర్చుని చేత్తో కుడుతున్నాడు. మెడపట్టీ. లోపలి వైపు మెత్తటి గుడ్డ, మధ్యలో దూది.

"గొలుసు ఒరుసుకుంటుందని" అన్నాడు తలెత్తకుండా. "చర్మం అసలే పుండు కదా."

జడ్జి దిండు మీద కూర్చుని, తల కొంచెం వంచి, ఆమెనే చూస్తున్నాడు.

కూర్చోమని ఆయన అనలేదు. ఆమె నిలబడే చెప్పింది. ముక్కలు ఎక్కడివో, బస్తా ఎలా దులుపుతుందో, ఎన్ని వారాలుగా. మధ్యలో ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని భయపడి గబగబా చెప్పింది. "కంపెనీ తప్పు కాదు, వీడి తప్పు కాదు, నువ్వు ఏమీ తక్కువ చెయ్యలేదు. నేనే బాబాయ్. నా చేత్తో నేనే వేశాను. నేనే తూచి, కొసరు కూడా వేసి ఇచ్చాను. మొదటి రెండు వారాలూ తగ్గింది చూశావా, అది నిజం. మళ్లీ తగ్గుతుంది. ఆరు వారాలు ఇవ్వు. పంపెయ్యకు వీణ్ణి."

గుమ్మంలో ఇంటావిడ వచ్చి నిలబడి ఉంది. ఎప్పటి నుంచో వింటోంది.

"అంటే ఇన్నాళ్లూ నా నిద్ర తిన్నది నువ్వా?" అంది.

"అవునండీ."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాళ్లని చూసింది గాని, అవునండీ అనేవాళ్లని ఇంటావిడ అట్టే చూడలేదు. నడుం మీద చెయ్యి వేసుకుంది. "అయితే మాత్రం? ఇంకో ఆరు వారాలు ఆ టకటక నేను భరించాలా? నా వల్ల కాదు."

"రాత్రిళ్లు మా ఇంట్లో పడుకోబెట్టుకుంటాను. మాది కింది వాటా. కింద ఎవరూ ఉండరు. పొద్దున్నే తెచ్చి దింపుతాను."

"వీధిలో అందరూ అడుగుతారు, కుక్కని ఎందుకు తిప్పుతున్నావని."

"చెప్తానండీ."

ఇంటావిడ టైలరు బాబాయి వైపు చూసింది. ఆయన సూది ఆగలేదు. మెడపట్టీ చివరి కుట్టు వేసి, ముడి వేసి, దారం పళ్లతో తెంపాడు. దానిని పక్కన పెట్టి, వంగి, జడ్జి దిండు మూల బయటికి వచ్చిన పేలికలని వేలితో లోపలికి తోశాడు.

"నేనూ ముక్కలు పారెయ్యను" అన్నాడు. "నలభై ఏళ్లుగా అన్నీ దిండ్లలో కూరాను." వేలు ఇంకా ఆ మూల దగ్గరే ఉంది. "కానీ నా ముక్కలు ఎవర్నీ కరవలేదమ్మాయ్."

ఆమె తల వంచుకుంది. కొడితే బాగుండుననిపించింది.

"ఎన్ని వారాలు?" అన్నాడు.

"ఆరు."

"షెడ్డు అతనికి ఫోన్ చేసి చెప్పండమ్మా, రావద్దని" అన్నాడాయన ఇంటావిడతో. ఇంటావిడ గొణుక్కుంటూ ఫోన్ తీసింది. గొణుగుడులో "ఆరు అంటే ఆరే, ఏడో వారం నాకు చెప్పకండి" అన్నది మాత్రం స్పష్టంగా వినపడింది.

ఆ రాత్రి నుంచి జడ్జి తూకం అక్క మంచం పక్కన పడుకున్నాడు. టకటకలు ఆమె నేలకే తగిలాయి.

సోమవారం కొట్టు తెరిచేసరికి ముగ్గురు నిలబడి ఉన్నారు. ఇంటావిడ నోరు ఇంటావిడదే. ఒక్క పూటలో వీధి మొత్తం తిరిగొచ్చింది. వరసలో మొదట టైలరు బాబాయి. జడ్జి కాళ్ల దగ్గర. వెనక టీచరమ్మ, ఆ వెనక పావురాల ఆయన. బావ కాగితాల్లో తల పెట్టుకుని కూర్చున్నాడు, చూడలేక.

ఆరో డబ్బా మీద ఇప్పుడు అంకె ఒక్కటే కాదు, కింద ఆమె చేతిరాత: చేప మాత్రమే. మూత తీసి తోడింది. తూచింది. మూట కట్టబోతుంటే టైలరు బాబాయి చెయ్యి అడ్డం పెట్టాడు.

"కాగితం ఉందా?"

పాత దినపత్రిక తెచ్చి బల్లమీద పరిచింది. మూట దానిమీద బోర్లించాడాయన. కళ్లజోడు సవరించుకున్నాడు. కుట్టు విప్పి చూసేటప్పుడు ఎలా చూస్తాడో అలాగే, చూపుడువేలితో పలుకుల్ని పక్కకి జరుపుతూ, వరస వరసగా చూడటం మొదలుపెట్టాడు. తొందర లేదు ఆయనకి. ఆమె ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడింది. పన్నెండేళ్లలో ఆ బల్లమీద అలా ఎవరూ చూడలేదు. చెవులు వేడెక్కాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. బావ కాగితం తిప్పిన చప్పుడు వినపడింది.

చాలాసేపటికి టీచరమ్మ గొంతు సవరించుకుంది. "అక్కా, ఏమనుకోకు" అంది. "నాకూ ఒక కాగితం పరవ్వా?"

"దాందేముందండీ" అంది తూకం అక్క. "పరుస్తాను." రెండో కాగితం తీసింది. పావురాల ఆయన కోసం మూడోది కూడా తీసి పక్కన పెట్టుకుంది. ఆయన అడగకముందే.

టైలరు బాబాయి ఆఖరి వరస కూడా చూసి, కాగితం అంచులు ఎత్తి అంతా మూటలోకి ఒంపుకున్నాడు. అలవాటు కొద్దీ ఆమె చెయ్యి డబ్బాలోకి వెళ్లింది, కొసరు కోసం. పిడికిలి మూసుకున్నాక గుర్తొచ్చింది, ఈ చెయ్యే కదా కలిపిందని. ఆ చెయ్యి బయటికి తీయడానికి ధైర్యం చాలక అలాగే ఉంచేసింది.

"కొసరు... వెయ్యనా బాబాయ్?"

టైలరు బాబాయి ఆమె మొహం చూశాడు. కిందికి చూశాడు. జడ్జి తల వంచి, ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"ఎప్పుడూ వేసేదేగా, వెయ్యి" అన్నాడు. మూట మూతి మాత్రం తెరవలేదు. ఖాళీ అయిన కాగితాన్ని అరచేత్తో సాపు చేసి ఆమె వైపు జరిపాడు.

"దీనిమీద వెయ్యి."

ఆమె కాగితం మీద పిడికిలి విప్పింది. ఆయన మళ్లీ కళ్లజోడు సవరించుకుని వంగాడు.